ఇంటి చప్పుడు

"అంటే నా పాటలు పోయినట్టేనా?" ఇమ్రాన్ మళ్ళీ అదే అడిగాడు.

"అన్నీ పోలే భయ్యా. సగం ఉన్నయి."

"ఏ సగం? నేను వినని సగం."

నఫీసా బేగం పెనం మీద జొన్నరొట్టెకు తడిచేత్తో నీళ్లు రాస్తూ ఇద్దరినీ వింటోంది. చాయ్‌తో మొదలైన తగాదా నాష్టా దాకా వచ్చింది. ఇమ్రాన్ ఆటో తాళంచెవి వేలికి తగిలించుకుని తిప్పుతున్నాడు గానీ గడప దాటడం లేదు. జువేరియా తలకు నూనె రాసుకుంటూ గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఫోన్ల జాగ లేదంటే నేనేం చెయ్యాలె? మేడమ్ వారానికొకటి చెప్పమన్నది. చెప్పిన."

"చెప్పినవ్, మంచిదే. నా ఫోన్‌కే ఎందుకు చెప్పినవ్?"

"ఇంకెవరికి చెప్పాలె? అబ్బా ఫోన్ల రికార్డు లేదు. అమ్మీకైతే ఫోనే లేదు."

సకల జనుల సమ్మె మొదలై కాలేజీకి తాళం పడ్డప్పుడు, జనగామలో ఉండే విమల మేడమ్‌కు మహబూబాబాద్ రావడానికి రైలూ లేదు, బస్సూ లేదు. డిగ్రీ పిల్లలు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ మరిచిపోతారని ఆమె ఫోన్‌లోనే ఒక పని చెప్పింది. ఆ వారం ఇంట్లో, వాడలో ఏం జరిగిందో ఇంగ్లీషులో చెప్పి రికార్డు చేసుకోవాలి. రాసింది ఫొటో తీసుకోవాలి. అన్నీ ఒకచోట దాచాలి. సమ్మె ముగిసి కాలేజీ తెరిచాక పరీక్ష పెట్టే వ్యవధి లేక, ఇంటర్నల్ మార్కులు ఆ దాచిన వాటికే వేస్తామన్నారు. మేడమ్ దాన్ని డిజిటల్ పోర్ట్‌ఫోలియో అంది. ఇంటికి వచ్చేసరికి అది ఫోల్డర్ అయింది. తండ్రి బాబామియా మాత్రం ఇంగ్లీషు డబ్బా అనేవాడు.

"ఇంగ్లీషు డబ్బా నిండిందంటే సంతోషపడాలె గని, కొట్లాట ఏందిరా?" అన్నాడాయన, కొలత టేపు మెడలో వేసుకుంటూ. దర్జీ దుకాణం బజార్లో ఉన్నా, టేపు మాత్రం ఇంట్లోనే వేసుకుని బయల్దేరుతాడు.

"డబ్బా నాది అబ్బా!" అని ఇమ్రాన్ ఫోన్ తీశాడు. "ఏది పనికొస్తది, ఏది రాదు, ఇప్పుడే తేల్చుడు. పనికిరానియి తీసేస్త."

అతను ఒకటి నొక్కాడు. ముందు గిన్నెల చప్పుడు వచ్చింది. తర్వాత జువేరియా గొంతు, అడుగు తీసి అడుగు వేసినట్టు, "గుడ్ మార్నింగ్... దిస్ ఈజ్... మై హౌస్..." అంది. ఇంతలో ఇంటి పెంకులు లేచిపోయేట్టు మరో గొంతు.

"అరే ఓ దూద్‌వాలే! గివి పాలా, నీళ్లా? చెంబు బర్రె కింద పెట్టినవా, బోరింగ్ కింద పెట్టినవా?"

ఇమ్రాన్ పడిపడి నవ్వాడు. నఫీసా చేతిలోని రొట్టె పెనం అంచున పడి మడతపడింది.

"బంద్ చెయ్. బంద్ చెయ్ ముందు! గిది కాలేజీకి పోతదా?"

"పోతది అమ్మీ," అంది జువేరియా. "చప్పుడున్నా ఫరవాలేదని మేడమే అన్నది."

"మేడమ్‌కు ఫరవాలేదు, నాకున్నది. నా నోరు పోయి కాలేజీల పడుతదా? సార్లు వింటరు, పోరగాండ్లు వింటరు. బాబామియా ఇంటిది గింత గయ్యాళా అంటరు."

"తెల్వనోళ్లు ఎవరున్నరు?" అన్నాడు ఇమ్రాన్.

నఫీసా అట్లకాడ ఎత్తింది. అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇంటికి చుట్టాలొస్తున్నరంటే దండెం మీది బట్టలు తీస్తమా లేదా? ముంగట ఊడుస్తమా లేదా? మనం పోయేకాడికి గుడ గంతే. తీసెయ్ బేటీ. మంచిగ, సాఫ్‌గ ఇంకోసారి చెప్పు. తప్పుల్లేకుంట, నా ఒర్రుడు లేకుంట."

జువేరియా నూనె సీసా మూత బిగించింది. ఆ మొదటి రికార్డింగులు వింటే ఆమెకే సిగ్గుగా ఉంటోంది. ఒక్కో మాట దగ్గర ఆగడం, వెనక్కి వచ్చి దిద్దుకోవడం, మధ్యలో ఉర్దూలో నాలుక్కరుచుకోవడం. ఇప్పుడు అంతకంటే బాగా చెప్పగలదు.

"సరే, తీసెయ్యి భయ్యా," అంది. "అన్నీ తీసెయ్యి. మళ్ళ చెప్త."

బాబామియా ఒకసారి గొంతు సవరించుకున్నాడు. చెప్పులు తొడుక్కుని బయటపడ్డాడు.

ఆదివారం తల్లీకూతుళ్లు నఫీసా చెల్లెలి ఇంటికి వెళ్లారు. ఆ ఇంట్లో చెల్లెలి కూతురు అమ్రీన్ గదికి రెక్కలు బిగుతుగా పడే కిటికీలున్నాయి, రైలు పట్టాలకు దూరం. అమ్రీన్ మంచమంతా సర్ది, ఫ్యాన్ ఆపి, ఇమ్రాన్ ఫోన్‌ను దిండు మీద పెట్టింది. జువేరియా తను రాసుకొచ్చిన కాగితాలు చేత్తో పట్టుకుంది. సమ్మె వారాల సంగతులే. కానీ ప్రతిదీ మళ్ళీ రాసింది. ఇప్పుడు తెలిసిన మాటలతో, ఇప్పుడు కుదిరిన వాక్యాలతో.

నఫీసా తలుపు బయట పీట వేసుకుని కూర్చుంది. తలుపు కింద సందులో చున్నీ కుక్కింది. చింతపండు గింజలు తీస్తూ, అటుగా ఎవరు వచ్చినా పెదాల మీద వేలు పెట్టింది. చెల్లెలు గిన్నె తీయబోతే చేయి పట్టుకుంది. వాకిట్లో కోడి కూయబోతున్నట్టు మెడ సాచితే దానికీ వేలు చూపించింది.

లోపల్నుంచి కూతురి గొంతు సన్నగా, ఎక్కడా ఆగకుండా వినిపిస్తోంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నఫీసాకు కడుపు నిండినట్టయింది. కొత్త బట్ట మీద మడత లేకుండా ఇస్త్రీ పెట్టె నడిచినట్టుంది, అనుకుంది.

"రేడియోల చెప్పినట్టే ఉన్నది కదనే," అంది చెల్లెలితో, గుసగుసగా.

"జర మెల్లగ అక్కా. నీ గుసగుస గుడ పడుతది దాన్ల."

సోమవారం జువేరియా ఫోల్డర్‌ను కాలేజీ కంప్యూటర్‌లో ఎక్కించి వచ్చింది. ఆ రాత్రి ఇమ్రాన్ ఫోన్‌లో తన పాటలు మళ్ళీ నింపుకున్నాడు.

బుధవారం కాలేజీ నుంచి వచ్చిన జువేరియా బ్యాగు దించి, ఎవరూ చెప్పకుండానే గిన్నెలు తోమడానికి కూర్చుంది. అడగకుండా గిన్నెల ముందు కూర్చుందంటే ఏదో అయిందని నఫీసాకు తెలుసు. బియ్యంలో రాళ్లేరుతూ కాసేపు చూసింది. తోమిన చెంబునే మళ్ళీ తోముతోంది పిల్ల.

"గా చెంబు ఇంక సన్నబడుతది. ఏమైంది?"

"ఏం గాలే."

"మార్కులు తక్కువొచ్చినయా?"

"మార్కులే వెయ్యలే అమ్మీ." చేతుల బూడిద కడుక్కోకుండానే చెప్పడం మొదలుపెట్టింది. "జనగామ నుంచి తుల్సీరాం సార్ వచ్చిండు. మేడమ్ ఒక్కతే మార్కులేస్తే కుదరదట, ఇంకొకరు గుడ వినాల్నట. అందరియి విన్నడు. నా తాన ఆగిండు. అన్నీ ఒక్క ఆదివారం నాడే చెప్పినట్టు కంప్యూటర్ల తారీకు పడ్డదట. మొదటి వారమెంత బాగున్నదో ఆఖరి వారమూ గంతే బాగున్నదట."

"బాగుంటె మంచిదే కద!"

"గదే తప్పట. నువ్వు ఎట్ల నేర్చుకున్నవో చూద్దామంటే, నేర్చుకున్నంక ఉన్న గొంతు ఒక్కటే పెట్టినవ్ అన్నడు. పుస్తకం చూసి చదివినట్టున్నది అన్నడు. వేరేవాళ్లతోటి చెప్పించినవా అని గుడ అడిగిండు."

నఫీసా చేట కింద పెట్టింది. "ఎవరితోటి చెప్పిస్తం? నేను తలుపు కాడనే ఉన్న గద! రమ్మను ఆ సార్‌ను, నేను చెప్త."

"సార్ గట్టిగ అనలే అమ్మీ. గట్టిగ అంటే నేను గుడ అందును. మెల్లగ అన్నడు. సంగీత ఫోల్డర్ వినిపించిండు, డోర్నకల్ దగ్గర తండా పిల్ల. మేకలు అరుస్తున్నయి, వాళ్ల నాయిన పిలుస్తుండు, మొదట ఒక్క మాట గుడ సక్కగ రాలే దానికి. ఆఖర్ల మాట్లాడింది చూడు! అందరం చప్పట్లు కొట్టినం. నేను గుడ కొట్టిన." జువేరియా మోచేత్తో ముక్కు తుడుచుకుంది. "శనివారం దాకా టైమిచ్చిన్రు. పాతవి తెస్తే వింటరట. లేకుంటే పాసయ్యే మార్కులు ఏసి ఊకుంటరట. మార్కులు ఏమన్న గానీ అమ్మీ, గది నా గొంతు గాదంటున్నరు."

నఫీసా చేటను గోడవైపు నెట్టింది. ఊడ్చి, దులిపి, కిటికీలు మూసి పంపింది తానే. చుట్టాల ముందు దండెం మీది బట్టలు తీసినట్టు తీయించింది. తీసిన బట్టలు పెట్టెలో ఉంటాయి. ఇవి ఎక్కడున్నాయి?

ఇమ్రాన్ రాగానే ఫోన్ ఆమె ముందే వెతికాడు. సెల్ పాయింట్‌కు తీసుకెళ్లి అడిగాడు. పోయినవి రావన్నారు. తిరిగొచ్చి, అలవాటు లేని మెత్తదనంతో, "నా పాటలే తీసేసుంటే అయిపోతుండె," అన్నాడు. బాబామియా భోజనం చేస్తున్నంతసేపూ తల ఎత్తలేదు. రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ ముద్ద పెట్టుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఇమ్రాన్ ఆటో స్టేషన్ కిరాయికి పోయింది. దుకాణానికి అన్నం తీసుకెళ్లేవాళ్లు లేక, నఫీసా బురఖా వేసుకుని టిఫిన్ క్యారియర్ పట్టుకుని తనే బయల్దేరింది. కూడలిలో రిలే దీక్షల డేరా ఇంకా తీయలేదు. డేరా ముందు కొమురెల్లి హోటల్లో చాయ్ మరుగుతోంది. అక్కడి నుంచి నాలుగు దుకాణాల అవతల బాబామియా కుట్టుమిషను.

ఆమె మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగిపోయింది. లోపల మిషను పాదం టకటకలాడుతోంది. గోడకు వేలాడే చిన్న స్పీకర్ డబ్బాలో ఖవ్వాలీ అయిపోయింది. కాసేపు గిన్నెల చప్పుడు.

"అరే ఓ దూద్‌వాలే! గివి పాలా, నీళ్లా?"

బజారు మధ్యలో నఫీసా బేగం గొంతు నఫీసా బేగంకే ఎదురొచ్చింది. బల్ల మీద కూర్చున్న రాజీ, రవికె కోసం వచ్చిన తండా మనిషి, తొడ మీద చరుచుకుని నవ్వుతోంది.

"ఇగో గిది రానియ్యి అన్నా, గిప్పుడే వస్తది... బోరింగ్ కింద పెట్టినవా అంటది!" అని గొంతు కలిపింది. తలుపులో నిలబడ్డ మనిషిని చూసి నవ్వు ఆపుకుంది. "అక్కా, నువ్వేనా గదాన్ల? వచ్చినప్పుడల్లా వింట. మా పాలోనికి గుడ గదే మాట అన్న. సిగ్గుపడ్డడు."

బాబామియా కాలు మిషను మీద అట్లాగే ఆగింది. సూది బట్టలో దిగి ఉండిపోయింది.

"సునో నఫీసా, నేను చెప్దామనే అనుకున్న..."

"ఎప్పుడు? ఊరంత విన్నంకనా?"

"సమ్మె అయిపోయినంక, ఖవ్వాలీలు ఎక్కియ్యమని ఇమ్రాన్ ఫోన్ల కార్డు తీస్కపోయి సెల్ పాయింట్ల ఇచ్చిన. గా పిలగాడు అండ్ల ఉన్నయన్నీ గీ డబ్బా కార్డుల ఎక్కించి ఇచ్చిండు. పాట పాటకు నడుమ బిడ్డ గొంతొచ్చింది. తీసెయ్ బుద్ధి గాలే." ఆయన సూదిని పైకి లేపి, బట్టను నిదానంగా వెనక్కి తీశాడు. "నువ్వు తీసెయ్యమన్ననాడు భయమైంది. నా కాడ ఉన్నదంటే గిది గుడ తీసెయ్యమంటవని. నిన్న బిడ్డ ఏడుస్తుంటే చెప్దామనుకున్న. చెప్తే కాలేజీల నీ గొంతు పడుతది. నువ్వేమంటవో అని..."

నఫీసా టిఫిన్ క్యారియర్ బల్ల మీద గట్టిగానే పెట్టింది. ముఖం మంటగా ఉంది. వచ్చినవాళ్లందరికీ, రవికెకు కొలతలిచ్చేవాళ్లకూ ప్యాంటు పొడుగు తగ్గించుకునేవాళ్లకూ, తన కేకలు వినిపించాడీ మనిషి. అప్పుడు డబ్బాలో తన కేక అయిపోయింది. ఆ తర్వాతిది ఆమె ఎప్పుడూ వినలేదు. ప్రతిసారీ అక్కడే ఆపించింది.

ఒక నవ్వు. కూతురిది. చేయి అడ్డం పెట్టుకుని నవ్వినట్టు. ఆ నవ్వులోంచే మాటలు.

"సారీ మేడమ్. దట్ ఈజ్ మై మదర్. షి ఈజ్ నాట్ యాంగ్రీ. షి ఈజ్... వాట్ టు సే... షి ఈజ్ ఆల్వేస్ రైట్."

"ఏమంటున్నది?" అంది నఫీసా.

బాబామియాకూ పూర్తిగా తెలియదు. "మదర్ అంటే నువ్వు. గదైతే తెలుసు."

ఆమె బల్ల మీదికి ఎక్కి, స్పీకర్ డబ్బా వెనక తడిమింది. గోరంత కార్డు, వేలు పెట్టి నొక్కగానే చేతిలో పడింది. రుమాలు కొసన ముడి వేసుకుంది.

"అన్నం తిను," అంది భర్తతో. "పచ్చిపులుసు ఒలికిందేమో చూస్కో." మెట్టు దిగి, మళ్ళీ వెనక్కి తిరిగింది. "రవికె చేతులు బిగుతు కుట్టకు, పట్టేస్తయి పాపం."

"నువ్వు ఎన్నడు విన్నవ్ అక్కా నేనన్నది?" అంది రాజీ ఆశ్చర్యంగా.

"వినలే. నీ భుజాలు చూసి చెప్తున్న."

ఆ సాయంత్రం నలుగురూ చాప మీద కూర్చుని మొత్తం విన్నారు. సమ్మె మొదటి వారంలో జువేరియా రైళ్ల గురించి చెప్పింది. పట్టాల పక్క ఇల్లు కాబట్టి వాళ్లకు గడియారం అక్కర్లేదు, రైళ్లతోనే పొద్దు తెలుస్తుంది. రైలు రోకోతో అవి ఆగిపోతే అబ్బా దుకాణానికి ఆలస్యంగా పోయాడట. ఇది చెప్పడానికి ఆమె ఎన్నో చోట్ల ఆగింది. రైలును 'అతను' అంది, 'ఆమె' అంది, చివరికి 'అది' అంది. మరో వారం కూడలిలో వంటావార్పు. రోడ్డు మీద రాళ్ల పొయ్యి, ఊరంతా కూర్చుని తిన్న కిచిడీ, వెనక నినాదాలు. ఆ వారం వాక్యాలకు కాళ్లొచ్చాయి. చివరిదాంట్లో పాలవాడు మళ్ళీ వచ్చాడు. ఇమ్రాన్ వింటూ తెలుగులో చెప్పాడు.

"మా అమ్మ ఆనాడు తిట్టినప్పటి సంది మా ఇంటికి వచ్చే పాలు చిక్కగైనయి అంటున్నది. ఒక్క తప్పు లేదు అమ్మీ, నాకే అర్థమైంది."

"ఆ ముందటి దాంట్ల నన్నేమన్నది?" అంది నఫీసా. "మదర్ అన్నది, తర్వాతది?"

జువేరియా తలవంచుకుని చాప పుల్ల పీకుతోంది. ఇమ్రాన్ చెల్లెలి వైపు చూసి నవ్వాడు. "కోపం గాదు, మా అమ్మ ఎప్పటికీ కరెక్టే అన్నది."

నఫీసా కొంగుతో ముఖం తుడుచుకుని, ఉబ్బసం వచ్చినదానిలా దగ్గింది. "నేను కరెక్టని కాలేజీల చెప్తుంటే తీసెయ్యమన్ననా? ముందుగాల చెప్పద్దా నాకు!"

"నువ్వు విననిచ్చినవా?" అన్నారు ముగ్గురూ ఒకేసారి.

శనివారం జువేరియా కార్డు తీసుకెళ్లింది. నఫీసా ఆ పూట ఒక్క పనీ సరిగా చేయలేదు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసి, నీళ్లు పోసి, మళ్ళీ పప్పు వేసింది. మూడు ఇళ్లకు సరిపడా పప్పయింది. వీధి మలుపులోనే కూతురి నడక చూసి ఊపిరి పీల్చుకుంది. పిల్ల బ్యాగును భుజం మీద ఊపుకుంటూ వస్తోంది.

"ఏమన్నడు?"

"మొదలు ఏమనలే. నీ కేక రాంగనే సార్ కుర్చీల వెనక్కి జరిగిండు!" జువేరియా గడపలోనే నిలబడి రెండు చేతులతో చూపించింది. "క్లాసంత ఒక్కటే నవ్వుడు. నేను గుడ నవ్విన. అయిపోయినంక సార్ మళ్ళ మొదటిది పెట్టిండు, మళ్ళ ఆఖరిది పెట్టిండు. ఇగో, గీ రెంటి నడుమ ఉన్నదే నేను వినాలనుకున్నది అన్నడు. వేరేవాళ్ల గొంతా అని అడిగినందుకు అందరి ముంగట సారీ చెప్పిండు అమ్మీ. మంచి మార్కులే వేసిండు. సంగీతకంటే జర తక్కువ. దానికే ఎక్కువ రావాలె, అది మేకలతోటి మాట్లాడింది."

నఫీసా పప్పు గిన్నె తీసి సంగీతకు పంపుదామా అన్నంత సంబరపడింది. డోర్నకల్ దూరమని పక్కింటికి పంపింది.

మంగళవారం పొద్దుగూకే వేళ అందరూ తిండికి పరిచిన దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నారు. జువేరియా అప్పటిదాకా ఆపుకున్న మాట చెప్పింది. వచ్చే వారం భూపాలపల్లిలో ఇంగ్లీషు చెప్పే లెక్చరర్ల మీటింగ్ ఉంది. పరీక్ష బదులు ఇట్లా ఫోల్డర్లు విని మార్కులెట్లా వేయాలో విమల మేడమ్ అక్కడ చూపిస్తుంది. తన ఫోల్డరూ, సంగీతదీ వినిపిస్తామంటోంది. పిల్లలు కూడా వచ్చి, కాగితం చూడకుండా నాలుగు మాటలు మాట్లాడితే బాగుంటుందట. ఇంట్లో అడిగి రమ్మంది.

"భూపాలపల్లా?" అన్నాడు ఇమ్రాన్. "వరంగల్ దాకా రైలు, ఆడికెల్లి బస్సు. ఎప్పుడు బంద్ అంటరో తెల్వదు. నడుమల ఆగితే?"

"పోకున్నా ఏం గాదు భయ్యా. ఫోల్డర్ మేడమ్ తాన ఉన్నది. ఆమెనే వినిపిస్తది."

పోకపోయినా ఏం కాదన్న పిల్ల రొట్టె ముక్కను తుంచి తుంచి పొడి చేస్తోంది. బాబామియా అది చూశాడు. భార్య వైపు కూడా చూశాడు. 

"వినిపిస్తరంటే," ఇమ్రాన్ అన్నాడు, "నీ కొట్లాట గుడ వినిపిస్తరు అమ్మీ. గింతమంది సార్ల ముంగట. మన ఊరు గుడ గాదు."

నఫీసా గిన్నెలో మిగిలిన కూర నలుగురికీ సమంగా వేసింది. గరిటె అంచును గిన్నెకు రాసి, మూత పెట్టింది.

"విననియ్యి," అంది. ఆమె గొంతు ఎప్పుడూ లేనంత నెమ్మదిగా ఉండటంతో ముగ్గురూ తలెత్తారు. "జువేరియా పోతది. ఎంబడి నేను పోత. పొద్దటి రైలుకు పోయి రాత్రికొస్తం. బంద్ అయితే సంగీత వాళ్ల అవ్వ గుడ ఉంటది, ఎక్కడన్న కూసుంటం. ఆనాడు కూర నేను చేసిపోత. రొట్టెలు మాత్రం మీరిద్దరే చేస్కోవాలె."